జబ్బు లేని గేదె పాలు కూడా కొలవాలి

మా ల్యాబుకు వచ్చే పాలు, గుడ్లు, కొవ్వు ముక్కలు దాదాపు అన్నీ ఆరోగ్యంగా ఉన్న పశువులవే. ఏ రైతు మీదా ఫిర్యాదు ఉండదు. ఏ కొట్టంలోనూ గొడ్డు చచ్చి ఉండదు. అయినా వాటిని తెప్పించి, రోజుల తరబడి శుద్ధి చేసి, గ్రాము కొవ్వులో డయాక్సిన్ అనే విషం ఎంత ఉందో చూస్తాం. చాలాసార్లు వచ్చే అంకె చిన్నది, పోయినేడాది వచ్చిన లాంటిదే. "ఏ రోగమూ లేని గొడ్డు పాలకి అంత ఖర్చెందుకమ్మా?" అని ఈమధ్య మా బాబాయి అడిగాడు. ఆయన జీవితమంతా గేదెల్ని సాకిన మనిషి. ఆ ప్రశ్నకి ఫోన్లో చెప్పే జవాబు చాలదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను జర్మనీలో, తిండిలో విష అవశేషాలు చూసే ఒక ప్రయోగశాలలో కెమిస్టుని. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. నాన్న పాలకేంద్రం నడిపేవాడు. పాలకి డబ్బు కట్టేది వెన్న శాతం చూసి అని నాకు బడికి వెళ్ళే వయసులోనే తెలుసు. గాజు గొట్టంలో సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి, దాని మీద పాలు, కాస్త ఎమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి గిర్రున తిప్పితే మిగతాదంతా ఆసిడ్‌లో కరిగిపోయి, కొవ్వు ఒక్కటే పసుప్పచ్చగా పైకి తేలేది. ఇప్పుడు నా పని ఆ తేలిన కొవ్వు దగ్గర మొదలవుతుంది. ఆ కొవ్వుని కూడా నేను ఆసిడ్‌తోనే నాశనం చేస్తాను. అంతా పోయాక కూడా చెక్కుచెదరకుండా మిగిలేవాటిలో ఉంటుంది డయాక్సిన్.

దీన్ని ఎవరూ కావాలని తయారుచెయ్యరు. క్లోరిన్ ఉన్నదేదైనా సరిగా మండక, పొగ చల్లారే దారిలో 200 నుంచి 450 డిగ్రీల మధ్య నలిగినప్పుడు పుడుతుంది. రాగి ఉంటే ఇంకా తేలిగ్గా పుడుతుంది. కొన్ని రకాల కలుపు మందులు, క్లోరోఫినాల్ రసాయనాలు తయారుచేసేటప్పుడు కూడా పక్కన పుట్టుకొస్తుంది. డయాక్సిన్ అని ఒకటే పేరు పెట్టి పిలుస్తాం కానీ అది ఒక పెద్ద కుటుంబం. డయాక్సిన్లు 75 రకాలు, వాటి దాయాదులు ఫ్యూరాన్లు 135 రకాలు. ఈ 210లో విషంగా లెక్కలోకి వచ్చేవి 17. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీల్లో మరో 12 రకాలు ఇవే పని చేస్తాయి కాబట్టి వాటినీ కలిపి చూస్తాం. ఒక్కొక్కదాని విషబలం ఒక్కోలా ఉంటుంది. అన్నిటికంటే ఘాటైన టీసీడీడీకి 1 అని మార్కు వేసి, మిగతావాటికి దానిలో ఎన్నో వంతో చూసి మార్కులు వేశారు. ఎనిమిది క్లోరిన్లున్న ఓసీడీడీకి 2005 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 0.0003 మాత్రమే. ప్రతిదాన్నీ దాని మార్కుతో గుణించి కూడితే వచ్చేదే టెక్ అనే అంకె. మేం రిపోర్టులో రాసేది అదే.

మనిషి ఒంట్లోకి చేరే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా తిండి ద్వారానే వస్తుంది, అందులోనూ ఎక్కువ భాగం మాంసం, పాలు, చేపల ద్వారా. గాలిలో మసి గడ్డి మీద వాలుతుంది, గడ్డిని ఆవు మేస్తుంది, ఆవు కొవ్వులో అది దాక్కుంటుంది, ఆ కొవ్వే పాలలోకి దిగుతుంది. నీళ్ళలో కరగదు, కాచినా పోదు. మనిషి ఒంట్లో చేరితే అందులో సగం తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్ళు పడుతుంది. టీసీడీడీని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1997లో చేర్చారు. పుట్టబోయే బిడ్డల ఎదుగుదల, థైరాయిడ్, రోగనిరోధక శక్తి, మగవాళ్ళలో వీర్యకణాల సంఖ్య, వీటన్నిటి మీదా దీని ప్రభావం ఉంది. ఇవేవీ రేపు పొద్దున్నే కనబడే జబ్బులు కావు. బాబాయి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది: కంటికి కనబడేదాకా ఆగితే అప్పటికే ఏళ్ళ మోతాదు లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది.

కంటికి కనబడిన సందర్భం కూడా ఒకటి చెబుతాను. అందులోనూ జరిగింది ఆలస్యమే.

1999 జనవరిలో బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో, వాడేసిన వంటనూనెలు, జంతువుల కొవ్వులు సేకరించి దాణా తయారీదార్లకు అమ్మే ఒక చోట, ట్యాంకులోకి పీసీబీ నూనె చేరింది. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే రకం. తర్వాత వేసిన లెక్కల ప్రకారం అందులో ఉన్న పీసీబీలు సుమారు 50 కిలోలు, డయాక్సిన్లు సుమారు 1 గ్రాము. ఒక్క గ్రాము! ఆ కొవ్వు కలిసిన దాణా దాదాపు 500 టన్నులు. అది 2,500 దాకా ఫారాలకు వెళ్ళింది.

ఫిబ్రవరికల్లా కోళ్ళ ఫారాల వాళ్ళకి తేడా తెలిసిపోయింది. గుడ్లు తగ్గాయి. పొదగేసిన గుడ్లు పిల్లలు కావడం మానేశాయి. పుట్టిన పిల్లలు చర్మం కింద నీరు పట్టి, తూలిపడి చనిపోయాయి. ఈ లక్షణాలకి పశువైద్యంలో ఒక పాత పేరుంది, చిక్ ఎడీమా. 1957లో అమెరికాలో లక్షలాది బ్రాయిలర్ కోళ్ళు ఇలాగే పోయాయి. అప్పుడూ దాణాలో కలిపిన కొవ్వే కారణం. ఆ కొవ్వులో ఉన్నది డయాక్సిన్ అని తేల్చడానికి అక్కడి శాస్త్రజ్ఞులకి ఏళ్ళు పట్టింది. బెల్జియంలో ఈ వ్యవహారం చూస్తున్న ఒక పశువైద్యుడికి ఆ అనుమానమే వచ్చి, నమూనాలు నెదర్లాండ్స్‌లోని ప్రయోగశాలకు వెళ్ళేలా చూశాడు. ఆ పశువైద్యుడి మీద నాకు చాలా గౌరవం. దాణాలో విటమిన్లు, పురుగుమందులు, బూజు విషాలు, ఇన్ని చూడొచ్చు. డయాక్సిన్ చూడండి అని అడగాలంటే రోగాన్ని చూసిన కన్ను ఉండాలి, చదివినది గుర్తుండాలి. అడక్కపోతే ఏ ల్యాబూ దాన్ని చూడదు, ఎందుకంటే మామూలు పరీక్షల్లో అది పడదు.

ఫలితం ఏప్రిల్ చివర్లో వచ్చింది. కోడి కొవ్వులో గ్రాముకు తొమ్మిది వందలకు పైగా పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు). ఇప్పుడు యూరప్‌లో కోడిమాంసపు కొవ్వుకి డయాక్సిన్ల పరిమితి 1.75. జనానికి తెలిసింది మే నెల చివర్లో. జూన్ 1న ఆరోగ్య మంత్రి, వ్యవసాయ మంత్రి ఇద్దరూ రాజీనామా చేశారు. జూన్ 13న జరిగిన ఎన్నికల్లో ప్రభుత్వమే ఓడిపోయింది. జనవరిలో కలిసిన నూనె సంగతి మే చివరికి బయటపడేలోపు ఆ గుడ్లు, ఆ కోళ్ళు చాలావరకు తినేశారు.

తర్వాత వచ్చిన సమస్య నాలాంటి వాళ్ళది. దేశంలో ఉన్న కోళ్ళు, పందులు, ఆవులు, వెన్న, మయొనైజ్, బిస్కెట్లు, ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పాలి. డయాక్సిన్ పరీక్ష ఖరీదైనది, నెమ్మదైనది, చేసే ల్యాబులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అప్పుడు వాళ్ళు చేసిన పని తెలివైనది. ఈ కేసులో డయాక్సిన్ వచ్చింది పీసీబీ నూనెతోనే కాబట్టి, తేలిగ్గా కొలవగల ఏడు పీసీబీలను కొలిచి, గ్రాము కొవ్వుకు 200 నానోగ్రాములు (నానోగ్రాము అంటే వెయ్యి పికోగ్రాములు) దాటితే చెడ్డది అని పక్కన పెట్టారు. పీసీబీ పరీక్షలు 55,000 పైచిలుకు జరిగితే డయాక్సిన్ పరీక్షలు 500 మాత్రమే. ఈ కొండగుర్తు ఆ ఒక్క కేసుకే పనికొస్తుందన్నది మాత్రం మర్చిపోకూడదు. చెత్త కాల్చిన పొగతో వచ్చిన డయాక్సిన్ పక్కన పీసీబీలు అంతగా ఉండవు. అక్కడ పీసీబీ చూసి "అంతా బాగుంది" అంటే తప్పు చెప్పినట్టే.

అసలు కొలిచేదెలా అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కాస్త ఓపిగ్గా చదవండి.

మేం వెతికేది గ్రాములో లక్ష కోట్లవ వంతుల్లో. పాలనుంచి కొవ్వు తీశాక, మొట్టమొదట చేసే పని ఆ కొవ్వులో మనమే డయాక్సిన్ కలపడం. విన్నవాళ్ళు ఉలిక్కిపడతారు. ఇది మామూలు డయాక్సిన్ కాదు, కార్బన్ అణువులన్నీ బరువైన 13 రకంవి పెట్టి చేయించినది. మిగతా అన్ని గుణాల్లోనూ అసలుదానికి కవల. ఎంత కలిపామో మనకి కచ్చితంగా తెలుసు. ఇక ఆ తర్వాత శుద్ధిలో ఎక్కడ ఎంత ఒలికినా, ఎంత గాజుకి అంటుకుపోయినా, రెండూ ఒకే వంతున పోతాయి. చివర్లో కవల ఎంత మిగిలిందో చూస్తే, అసలుది మొదట ఎంత ఉండేదో లెక్క కట్టొచ్చు. నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే గొప్ప ఆలోచన ఇదే.

తర్వాత సల్ఫ్యూరిక్ ఆసిడ్ పట్టించిన సిలికా గొట్టం. కొవ్వు అందులో నల్లగా మాడిపోతుంది. తర్వాత అల్యూమినా గొట్టం. తర్వాత కార్బన్ గొట్టం. ఇది చదునుగా ఉండే అణువుల్ని పట్టుకుని వదలదు. డయాక్సిన్లు చదునుగా ఉంటాయి, అందుకే అవి చిక్కుకుంటాయి, మిగతావి కారిపోతాయి. గొట్టాన్ని తిరగేసి వేడి టోలుయీన్ పోస్తే అప్పుడు దిగివస్తాయి. ఆ ద్రవాన్ని నత్రజని ఊదుతూ ఆరబెట్టి, చివరికి ఒక సన్న గాజు సీసాలో 20 మైక్రోలీటర్లు మిగుల్చుతాం. ఒక చుక్కలో సగం కూడా ఉండదు. ఒక బాల్చీ పాలలో ఉన్న ప్రశ్న ఆ సీసా అడుగుకి చేరుతుంది.

దాన్ని అరవై మీటర్ల సన్నటి గొట్టంలోంచి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నడిపించి, ఒక్కో రకాన్నీ విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువు చూస్తాం. టీసీడీడీకి రెండు బరువుల దగ్గర వెతుకుతాం, 319.8965, 321.8936. రెండెందుకంటే, ప్రకృతిలో క్లోరిన్‌కి తేలికది, బరువుది అని రెండు రూపాలున్నాయి, వాటి నిష్పత్తి మారదు. నాలుగు క్లోరిన్లున్న అణువైతే ఈ రెండు శిఖరాల నిష్పత్తి 0.77 దగ్గర ఉండి తీరాలి. 15 శాతం పక్కకి జరిగినా అది మనం వెతుకుతున్నది కాదు, ఇంకేదో కలిసింది అని పక్కన పెడతాం. దీనితో పాటు ఖాళీ నమూనా ఒకటి, ముందే విలువ తెలిసిన నమూనా ఒకటి ప్రతి విడతలోనూ నడుస్తాయి. ల్యాబు గాలిలోని దుమ్ములో కూడా డయాక్సిన్ ఉంటుంది మరి.

ఇంత పని ప్రతి నమూనాకీ చెయ్యడం కష్టం కాబట్టి ముందు జల్లెడ పట్టడానికి జీవకణాలతో ఒక పరీక్ష ఉంది, క్యాలక్స్. ఎలుక కాలేయ కణాల్లోకి మిణుగురు పురుగు వెలుగు జన్యువుని పెట్టారు. డయాక్సిన్ తగిలితే కణాలు వెలుగుతాయి, ఎంత తగిలితే అంత వెలుగు. ఏ రకం డయాక్సినో చెప్పదు, ఉందో లేదో చెబుతుంది. నెదర్లాండ్స్‌లో అభివృద్ధి చేసిన ఈ పద్ధతి బెల్జియం గొడవలో అక్కరకొచ్చింది.

మొత్తం అంకె కంటే నాకు ఎక్కువ విషయం చెప్పేది 17 రకాల వరస. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న ఆ వరస వేలిముద్ర లాంటిది. బెల్జియంలో ఫ్యూరాన్లు పైకి లేచి ఉన్నాయి, అందుకే పీసీబీ నూనె అని పట్టుకోగలిగారు. చెక్కకి చెద పట్టకుండా పూసే పెంటాక్లోరోఫినాల్ అయితే ఏడు, ఎనిమిది క్లోరిన్లున్నవి ఎక్కువ కనబడతాయి. అమెరికాలో కొన్ని పశువుల కొట్టాల్లో ఆ చెక్క స్తంభాల్ని పశువులు నాకడం, కొరకడం వల్ల కొవ్వులో డయాక్సిన్ చేరిందని ఇలాగే తెలిసింది. 1997లో అక్కడే కోళ్ళలో, చెరువు చేపల్లో డయాక్సిన్ ఎక్కువగా ఉంటే కారణం వెతుక్కుంటూ పోయి, మిసిసిపీ రాష్ట్రంలో తవ్విన ఒక రకం బంకమట్టి దగ్గర ఆగారు. దాణాకి వాడే సోయా పిండి గడ్డకట్టకుండా ఆ మట్టి కలిపేవారు. ఆ వరసలో డయాక్సిన్లే ఉన్నాయి, ఫ్యూరాన్లు దాదాపు లేవు. పొగలోంచి వచ్చినదైతే అలా ఉండదు. ఏ కార్ఖానా లేని కాలంనాడే భూమిలో ఏర్పడిన డయాక్సిన్ అది.

ఇప్పుడు బాబాయి ప్రశ్నకి అసలు జవాబు.

నైరుతి జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరంలో ఒక ప్రభుత్వ ప్రయోగశాల ఉంది. ఇప్పుడు యూరప్ మొత్తానికి ఈ విషాల విషయంలో పెద్ద దిక్కు అదే. 1990లలో వాళ్ళు బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలోని డెయిరీల పాలను క్రమం తప్పకుండా కొలిచేవాళ్ళు. చెత్త దహన కేంద్రాలకి కొత్త నిబంధనలు రావడంతో ఆ అంకె ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తోంది. 1997 చివర్లో అది తగ్గడం మానేసి పెరగడం మొదలెట్టింది. 1998 ఫిబ్రవరికల్లా సగటు దాదాపు రెట్టింపయింది. ఏ ఆవుకీ జబ్బు లేదు. ఏ దూడా చావలేదు. ఎక్కువ డెయిరీల పాలు అప్పటి జర్మనీ పరిమితి 5 పికోగ్రాములకి చాలా కిందే ఉన్నాయి. చట్టం ప్రకారం అంతా సవ్యంగా ఉంది.

వాళ్ళు వదల్లేదు. డెయిరీ నుంచి రైతు దగ్గరికి, రైతు నుంచి దాణాకి, దాణా నుంచి అందులో కలిపిన ఒక్కో సరుకుకీ వెనక్కి నడిచారు. దొరికింది బ్రెజిల్ నుంచి వచ్చిన నారింజ పిప్పి. రసం తీసేశాక మిగిలిన పిప్పిని సున్నం కలిపి, ఎండబెట్టి, గుళికలు చేసి పశువుల దాణాగా ఎగుమతి చేస్తారు. ఆ సున్నం ఒక రసాయన కర్మాగారంలో మిగిలిన వ్యర్థం. అందులోంచి వచ్చింది డయాక్సిన్. పిప్పి ఆపేశాక పాలలో అంకె మళ్ళీ కిందికి దిగింది. అదే ఏడాది యూరప్ నారింజ పిప్పికి ఒక పరిమితి పెట్టింది, కిలోకి 500 పికోగ్రాములు.

బెల్జియంలో కోడిపిల్లలు చచ్చాక కూడా నెలలు పట్టింది. ఇక్కడ ఒక్క గొడ్డుకీ నలత లేకుండానే, సముద్రం అవతల సున్నం దాకా దారి దొరికింది. అంతకుముందు ఏళ్ళ తరబడి, ఏ జబ్బూ లేని ఆవుల పాలను కొలిచి రాసిపెట్టుకున్న అంకెలు ఉండబట్టే "ఇది రెట్టింపయింది" అనగలిగారు. ఆ పాత వరస లేకపోతే 1998 నాటి అంకె ఒంటరిగా చూస్తే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు.

పశువుల్లో కొలవడానికి పశువు గురించి కూడా తెలియాలి. పాలిచ్చే ఆవు తన ఒంట్లో చేరిన డయాక్సిన్‌ని పాలతో బయటికి పంపేస్తూ ఉంటుంది. మేతలోని టీసీడీడీలో మూడో వంతు దాకా పాలలోకి దిగొచ్చు, ఎనిమిది క్లోరిన్లది మాత్రం చాలా కొద్దిగా దిగుతుంది. ఈనిన కొత్తలో ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పాలు చేస్తుంది కాబట్టి పాత నిల్వ కూడా అప్పుడు బయటపడుతుంది. ఒట్టిపోయిన గొడ్డులో, దున్నపోతులో ఆ దారి లేదు. తల్లి పాలే తాగి పెరిగే మాంసపు దూడల్లో పీసీబీలు ఎక్కువగా కనబడతాయి. గొర్రె కాలేయం ఇంకో కథ. శుభ్రమైన పచ్చికలో మేసిన గొర్రెల కాలేయాలు కూడా పరిమితి దాటుతుంటే, చివరికి 2013లో యూరప్ కాలేయం విషయంలో కొవ్వు లెక్క మానేసి మొత్తం బరువు లెక్కకి మారింది. ఆవు, గొర్రె మేసేటప్పుడు గడ్డితోపాటు మట్టి కూడా నోట్లోకి వెళుతుంది. నేల గీకి పొడుచుకుతినే కోడికైతే అది ఇంకా ఎక్కువ. అందుకే పెరట్లో తిరిగే కోడి గుడ్డు ఆ నేల ఎలా ఉందో చెప్పే మంచి సాక్షి.

అంకె వచ్చాక మనిషికి ఎంత ప్రమాదం అన్నది ఇంకో లెక్క. 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ వారానికి తట్టుకోగల మోతాదుని, ఒంటి బరువు కిలోకి 14 పికోగ్రాముల నుంచి 2 పికోగ్రాములకి దించింది. రష్యాలో చపాయెవ్‌స్క్ అనే రసాయన కర్మాగారాల ఊళ్ళో, చిన్నప్పుడు రక్తంలో డయాక్సిన్ ఎక్కువున్న మగపిల్లలకి పెద్దయ్యాక వీర్యకణాలు తగ్గాయన్న పరిశోధన దానికి ఆధారం. 60 కిలోల మనిషికి ఇది వారానికి 120. ఇప్పుడు మనింటి లెక్క వెయ్యండి. రోజుకి అర లీటరు గేదె పాలు, వెన్న 7 శాతం అనుకుంటే కొవ్వు 35 గ్రాములు. ఆ కొవ్వులో గ్రాముకి అర పికోగ్రామే ఉందనుకున్నా రోజుకి 17.5, వారానికి 122. అంటే శుభ్రమైన పాలనుకునే అంకెతోనే గీత దగ్గరికి వచ్చేశాం. అదే పాలు యూరప్ ప్రస్తుత చట్టపు పరిమితి, అంటే పీసీబీలతో కలిపి 4 పికోగ్రాముల దగ్గర ఉంటే, వారానికి 980. చట్టపు పరిమితి పెట్టింది ఎంతవరకు తగ్గించడం సాధ్యమో చూసి. దాని కింద ఉంటే చాలని నిద్రపోకూడదు. ఇది జీవితకాలపు సగటు లెక్క, ఒక్క వారం ఎక్కువైతే ఏదో అయిపోదు. పాలు మానెయ్యమని కూడా చెప్పడం లేదు. పసిబిడ్డకి తల్లిపాలు ఇవ్వడం మానొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ చెబుతోంది, నేనూ అదే చెబుతాను. తగ్గించాల్సింది పొగ దగ్గర, దాణా దగ్గర.

మన దగ్గర వెన్న తీయని గేదె పాలు, గడ్డపెరుగు, నెయ్యి. నెయ్యంటే దాదాపు మొత్తం కొవ్వే. ఊరి చివర చెత్త కుప్ప కాలుతూ ఉంటుంది, అక్కడే గేదెలు మేస్తుంటాయి. రాగి కోసం కేబుల్ తీగలు తగలబెడతారు. పీవీసీ తొడుగులో క్లోరిన్, లోపల రాగి. డయాక్సిన్ పుట్టడానికి ఇంతకంటే అనువైన జత నేను చెప్పలేను. ఇవన్నీ చూస్తూ కూడా, మన ఊళ్ళ పాలకీ, పెరటి గుడ్లకీ ఏటా కొలిచి జనానికి చూపించే లెక్క లేదు. నన్ను బాధపెట్టేది ఇదే. డయాక్సిన్ లాంటి మొండి విషాల్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని మన దేశం 2006 జనవరిలో ఆమోదించింది. తిరువనంతపురంలోని జాతీయ పరిశోధన సంస్థలో డయాక్సిన్ కొలిచే ల్యాబు ఉంది, చెయ్యగలిగిన మనుషులున్నారు. 2005లో స్వచ్ఛంద సంస్థలు కలిసి 17 దేశాల్లో పెరటి కోళ్ళ గుడ్లు కొలిపించినప్పుడు మన దేశం నుంచి కేరళలోని ఏలూరు, ఉత్తరప్రదేశ్‌లోని లక్నో అందులో ఉన్నాయి. కేరళ ఏలూరంటే పెరియార్ నది ఒడ్డున రసాయన కర్మాగారాల ఊరు, మన గోదావరి జిల్లాల ఏలూరు కాదు. లక్నోలో గుడ్లు తీసింది ఆసుపత్రి చెత్త కాల్చే కొలిమి దగ్గర. రెండు చోట్లా అంకెలు అప్పటి యూరప్ గుడ్ల పరిమితి 3 పికోగ్రాములని ఎన్నో రెట్లు దాటాయి.

ఈ మాటలన్నీ అమ్మతో అంటే "అయితే కోళ్ళని అమ్మెయ్యమంటావా ఏమే?" అంది. అక్కర్లేదమ్మా అన్నాను. నీళ్ళు కాచే పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, రంగేసిన చెక్కలు వెయ్యొద్దు. పొయ్యి బూడిద కోళ్ళు తిరిగే చోట పొయ్యొద్దు, అవి అందులోనే ఒళ్ళు పొర్లించుకుంటాయి. గింజలు నేల మీద చల్లకుండా పళ్ళెంలో పెట్టు. వీధి చివర కుప్ప కాలే రోజుల్లో గేదెని ఆ వైపు తోలొద్దు. ఆ కుప్ప పక్కన కోసిన గడ్డి వద్దు. ఇప్పటికే చేరినదైనా, మంచి మేత పెడితే పాడి గేదెలో నెలల్లో తగ్గుతుంది. మనుషుల్లోలా ఏళ్ళు పట్టదు.

గన్నవరంలోనో, తిరుపతిలోనో, రాజేంద్రనగర్‌లోనో పశువైద్యం చదువుతున్న పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే ఒక మాట. గుడ్లతో మొదలుపెట్టొచ్చు, ఎవరి పాడికీ అడ్డం రాదు. ఒకే ఊళ్ళో చెత్త కాల్చే చోటికి దగ్గరగా ఉన్న ఇళ్ళ నుంచి కొన్ని, దూరంగా పొలాల్లో ఉన్న ఇళ్ళ నుంచి కొన్ని తియ్యండి. రెండు గుంపులూ కలపొద్దు. దూరపు ఇళ్ళ గుడ్లు మంచివే కదా అని వదిలెయ్యొద్దు, ముందు కావాల్సింది వాటి అంకే. కోడి వయసు, ఏం తింటుంది, పెరట్లో ఏం కాల్చారు, ఇవి రాసుకోండి. గుడ్లు పగలకుండా ఉండాలంటే ఉడకబెట్టి పంపొచ్చు, డయాక్సిన్ అంకె మారదు. ఒక్కో గుంపుని కలిపి ఒకే నమూనాగా చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. నమూనా ఎలా తియ్యాలో, వచ్చిన 17 రకాల వరసని ఎలా చదవాలో నేను కూర్చుని నేర్పిస్తాను. నాకు రాయండి.